జోంఖా, బలూచీ, మన సరిహద్దు భాషలు



నా చిన్ననాటి మాట యొకటి చెప్పి నేటి ప్రసంగమును మొదలుపెట్టుచున్నాను. హిందూపురమునకు పడమట నొక పల్లెలో మా బంధువుల యింట నుంటిమి. రాత్రి యంతయు పెద్దవాన కురిసెను. తెల్లవారుజామున మడకశిర దిక్కునుండి యొక వృద్ధుడు వచ్చి, అరుగుమీద కూర్చుండి, సంతోషముతో "కెరె కోడి బిత్తు" అనెను. నేను నిద్రలేచి, "కోడి యెక్కడ పడినది తాతా?" అని యడిగితిని. అందరును నవ్విరి. మా తాత మాత్రము నవ్వలేదు. "నాయనా, ఆయన చెప్పినది కన్నడము. చెరువు నిండి మరువ పారినదని దాని యర్థము. వారికి కోడి యనగా చెరువునీరు పొర్లిపోవు చోటు. మన కోడిని వారు కోళి యందురు" అని తెలియజెప్పెను.

ఆ దినమునుండి చాలకాలము, పొలిమేర కవతలివారు మన మాటలను చెరిపి పలుకుచున్నారనియే నేనెంచితిని. వారును మనలను గూర్చి యట్లే యెంచుచుండిరని పెద్దవాడనైన పిదప తెలిసినది. ఈ యపోహ నేటికిని పోలేదు. సరిహద్దు పల్లె బిడ్డ నోరు తెరచినంతనే "నీది తెలుగును గాదు, కన్నడమును గాదు" అని యెగతాళి చేయువారు కలరు. ఒక భాష మరియొక దానికి చెడిన రూపమా? రెండు భాషలు పోలియున్నచో ఆ పోలిక యెచ్చటినుండి వచ్చినది? భేదించియున్నచో ఆ భేదమునకు కారణమేమి? వీనికి సమాధానమును నేడు వెదకుదము.

ఊరి తగవు తీర్చునపుడు ఇరుపక్షములకును చెందని పెద్దను పిలిపించుట మన యాచారము. తెలుగు కన్నడముల ముచ్చటకు నేను దూరదేశపు సాక్షులను ఇద్దరిని పిలుచుచున్నాను. ఒకటి జోంఖా, రెండవది బలూచీ.

జోంఖా హిమాలయములలోని భూటాను రాజ్యమునకు జాతీయభాష. "జోంగ్" అనగా కోట. "ఖా" అనగా నోరు, పలుకు. కోటలో పలుకు భాష యని దాని పేరునకర్థము. ఆ దేశమున కొండలమీదను ఏళ్ల కూడళ్లయొద్దను కట్టిన కోటలలో రాజోద్యోగులును బౌద్ధ సన్న్యాసులును ఒక్కచోటనే యుందురు. పెనుకొండ కోటను చూచినవారికి అట్టి దృశ్యము నూహించుట కష్టము గాదు. బలూచీ యన్ననో, ఎండిన కొండలును ఇసుక నేలలును గల సీమ భాష. పాకిస్తానములోని బలూచిస్తానమునను, ఇరాను, ఆఫ్ఘనిస్తానములలోను, సముద్రమున కావలనున్న ఒమానునందును దానిని పలుకుదురు. జోంఖాను తల్లిభాషగా గలవారు కొద్ది లక్షలకు మించరు. దానికి రాజ్యము గలదు. బలూచీ పలుకువారు అరకోటికి మించియున్నారు. అది తన రాజ్యము లేక పలు దేశములలో చీలియున్నది.

ఈ రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి మొదట లిపిని చూతము. జోంఖాను టిబెట్టు లిపిలో వ్రాయుదురు. ఆ లిపి 7వ శతాబ్దమున భారతదేశపు లిపుల ననుసరించి యేర్పడెనని వారి సంప్రదాయము. వారి బిడ్డలును మనవలెనే క, ఖ, గ, ఙ యని యక్షరములను దిద్దుదురు. బలూచీని అరబ్బీనుండి పుట్టిన లిపిలో కుడినుండి యెడమకు వ్రాయుదురు. లిపినిబట్టి తీర్పు చెప్పినచో జోంఖా సంస్కృతమునకు చుట్టమనియు, బలూచీ అరబ్బీకి బిడ్డయనియు చెప్పవలసివచ్చును. రెండును తప్పే. జోంఖా టిబెట్టు భాషల కుటుంబములోనిది. సంస్కృతముతో దానికి రక్తబంధము లేదు. బలూచీ ఇరాను దేశపు భాషలలోనిది. అది పారసీకమునకు దగ్గర బంధువు, సంస్కృతమునకు దూరపు బంధువు. కావున లిపి భాషకు తొడిగిన చొక్కా వంటిది. చొక్కాను చూచి గోత్రమును నిర్ణయింపరాదు.

రెండవది వాక్యపు కట్టు. మనము "వాడు నీళ్లు త్రాగెను" అని క్రియను చివర నుంతుము. జోంఖాయు అట్లే యుంచును, బలూచీయు అట్లే యుంచును. మరియు జోంఖాలో పెద్దలతో మాటాడునపుడు మాట చివర "ల" యని గౌరవముగా చేర్చుదురు. మన సీమలో "స్వామీ" యనియో "అప్పా" యనియో చేర్చుట లేదా? మనము తినుట కొకమాట, ఆరగించుట కొకమాట వాడినట్లే వారును పెద్దల విషయమున వేరు పదములు వాడుదురు. ఇంత పోలియున్నను మనకును వారికిని చుట్టరికము లేదు. వాక్యపు వరుసయు మర్యాదయు ఎన్నో జాతులయందు వేర్వేరుగ పుట్టగలవు.

ఇక మూడవ పరీక్ష. తల్లి, నీరు, చేయి, అంకెలు మొదలగు మాటలను అడుగవలయును. ఇవి సంతలో కొనుక్కొను మాటలు గావు, తొట్టిలోనే అబ్బునవి. జోంఖాలో మూడు "సుమ్", ఐదు "ఙ". బలూచీలో తల్లి "మాత్", నీరు "ఆప్", పేరు "నామ్", ఐదు "పంచ్". సంస్కృతము తెలిసినవారికి ఈ రెండవ వరుస వినగానే మాతృ, ఆపః, నామ, పంచ యనునవి చెవిలో మ్రోగును. చేతిని బలూచీలో "దస్త్" అందురు. సంస్కృతపు "హస్త" దానికి తోబుట్టువు. మీ పెట్టెలలో భద్రపరచిన దస్తావేజు మొదట ఆ "దస్త్" ఉన్నది; అది పారసీకమునుండి కచేరీల ద్వారా మనకు వచ్చినది.

అయితే పోలిక మాత్రమే చాలదు. పోలిక కాకతాళీయము కావచ్చును, అరువు కావచ్చును. భాషాశాస్త్రజ్ఞులు అంతకంటె గట్టి సాక్ష్య మొకటి కనుగొనిరి. అది భేదములోని క్రమము. సంస్కృతమున "సప్త" యన్నచోట బలూచీలో "హప్త్" అందురు. "మాస" యన్నచోట "మాహ్" అందురు. సకారమున్నచోట హకారము, మరల అట్టిచోటనే హకారము. ఇది నోరు తిరుగక చేసిన పొరపాటు గాదు. ఇరాను భాషలన్నిటియందును కనబడు న్యాయము. ఈ న్యాయముచేతనే మన "సింధు" వారి నోట "హిందు" అయినది. మురారిరావు తన తండ్రి హిందూరావు పేర హిందూపురమును కట్టించెనని చెప్పుదురు గదా. ఆ యూరి పేరును పలికినపుడెల్ల మనము ఎరుగకయే ఇరాను భాషల న్యాయమును పలుకుచున్నాము.

ఈ కొలబద్దను చేతబట్టుకొని మన పొలిమేరకు మరలి వత్తము.

లిపి విషయమున తెలుగు కన్నడములు కవలలు. పూర్వము రెంటికి నొకటే లిపి. సుమారు 13వ శతాబ్దమునుండి క్రమముగా విడిపోయినవి. 19వ శతాబ్దమున అచ్చు అక్షరములు పోతపోసిన పిదప ఆ భేదము స్థిరపడినది. మన తలకట్టునకును వారి తలకట్టునకును గల తేడాను గుర్తించినచో ఇటువా రటుదానిని కొద్ది దినములలో చదువగలరు. కాని లిపి చొక్కా యని యిప్పుడే యనుకొంటిమి. కావున అంకెల నడుగుదము.

మనము రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, పది యందుము. వారు ఎరడు, మూరు, నాల్కు, ఐదు, ఆరు, ఏళు, హత్తు అందురు. చుట్టరికము దాగదు. ఇక భేదములను గమనింపుడు. మనము పాలు అన్నచో వారు హాలు. పులి, హులి. పాము, హావు. పండు, హణ్ణు. పంది, హంది. పొగ, హొగె. పల్లె, హళ్ళి. మన పకార మున్నచోట వారికి హకారము. వారి పూర్వపు కన్నడమునను పకారమే యుండెను. సుమారు 10వ శతాబ్దమునకును 14వ శతాబ్దమునకును నడుమ అది హకారమైనది. దీనికి సాక్ష్యము మన జిల్లాలోనే గలదు. అమరాపురము దగ్గరి హేమావతి యొకప్పుడు నొళంబ రాజులకు రాజధాని. ఆ యూరిని శాసనములలో పెంజెరు అనియు హెంజెరు అనియు వ్రాసిరి. "పెం" అనునది "హెం" అగుట ఆ రాళ్లమీదనే కనబడుచున్నది.

మరియొక న్యాయము. మన వకారమునకు వారు బకారము పలుకుదురు. వెన్న, బెణ్ణె, వెండి, బెళ్ళి, వేరు, బేరు, వేప, బేవు, వెదురు, బిదిరు, విత్తు, బిత్తు. ఇంకొకటి: మన డకారమునకు కొన్నిచోట్ల వారి ళకారము. ఏడు, ఏళు; కూడు, కూళు; కోడి, కోళి. నా చిన్ననాటి కోడి యిచ్చట దొరికినది. తమిళులు నేటికిని "ఴ" యను ప్రత్యేకధ్వనితో ఈ మాటలను పలుకుదురు. ఆ పాతధ్వని మన నోట డకారమై వారి నోట ళకారమైనది. ఎవరును ఎవరి మాటను పాడుచేయలేదు. ఇద్దరును తాతగారి మాటను తమ తమ పాళ్లకు పంచుకొనిరి.

ఇదివరకు మారినది వారే యని మీరు తలంపకుడు. మనము మార్చినవియు కలవు. వారు కివి యన్నచోట మనము చెవి యందుము. కెరె, చెరువు, కెడు, చెడు, గిళి, చిలుక. ఇచ్చట పాతదగు కకారమును నిలిపినవారు కన్నడిగులు. చకారముగా మార్చినవారము మనము. మరల చూడుడు: వారు బెరళు అందురు, తమిళులు విరల్ అందురు. మనము నడిమి రకారమును ముందునకు లాగి వ్రేలు అంటిమి. పిదప దానిని జారవిడిచి వాడుకలో వేలు అంటిమి. వారి ఒరళు మనకు రోలు. వారి ఎరడు మనకు రెండు. మన పెద్దలు "వ్రేలు" అని వ్రాసి "వేలు" అని చదివినట్లే, జోంఖాలోను వ్రాతయందు నిలిచిన యక్షరములు అనేకములు పలుకునందు వినబడవు. వ్రాత పాతకాలపు పలుకును దాచియుంచు గాదె వంటిది.

వ్యాకరణమున నొక ముఖ్యభేదము కలదు. "ఆమె వచ్చినది, ఆవు వచ్చినది" యని మనకు స్త్రీకిని ఆవునకును క్రియ యొక్కటే. కన్నడమున పురుషుడు బందను, స్త్రీ బందళు, ఆవు బందితు, మూడును వేరు. ఈ విషయమున కన్నడము తమిళముతో నిలుచును. మన తెలుగు అడవులలోని గోండి, కువి భాషల వైపు నిలుచును. అందుచేత నేటి పండితులు కన్నడమును తమిళము, మలయాళము, తుళువులతో నొక శాఖయందును, తెలుగును గోండి, కుయి, కువి, కొండ భాషలతో వేరొక శాఖయందును చేర్చిరి. లిపిలో కవలయైన కన్నడము రక్తమున తమిళమునకే దగ్గర! కన్నడము మనకు తోబుట్టువు గాదు, పినతండ్రి బిడ్డ. చిరకాలము ప్రక్కయింట నుండుటచేత తోబుట్టువువలె కనబడుచున్నది.

ఈ కుటుంబ విచారము క్రొత్తది గాదు. 1816లో చెన్నపురి కళాశాలకు చెందిన ఎల్లిస్ దొర, క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో, తెలుగు సంస్కృతమునుండి పుట్టలేదనియు తమిళ కన్నడములతో నొకే కుటుంబమునకు చెందినదనియు నిరూపించెను. 1856లో కాల్డ్వెల్ ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించెను. అయినను వాదము ముగియలేదు. మన అనంతపురము కళాశాలలో బోధించిన చిలుకూరి నారాయణరావుగారు 1937లో ప్రకటించిన "ఆంధ్రభాషా చరిత్రము"న, తెలుగు ప్రాకృతమునుండి వచ్చినదని విపులముగా వాదించిరి. వారి పరిశ్రమ గౌరవింపదగినది. కాని తరువాతి పండితులు ఆ సిద్ధాంతమును అంగీకరింపలేదు. కారణమును మీరే చెప్పగలరు. "సప్తస్వరములు" అని మనము పాడుదుము గాని, మేకలను లెక్కించునపుడు "ఏడు" అందుము. సప్త మన యింటికి వచ్చిన యతిథి. ఏడు మన యింట పుట్టిన బిడ్డ.

అరువును గూర్చి ధర్మవరపు నేతగాండ్ర కంటె బాగుగా నెరిగినవారు లేరు. మగ్గము, నూలు అనునవి తెలుగు కన్నడములు రెంటను గలవు. మన చెరగు వారి సెరగు. కాని చీర యంచున మెరయు జరీ మనది గాదు. పారసీకమున "జర్" అనగా బంగారము. వస్తువు వెంట మాట వచ్చును. అరువు తెచ్చుకొన్నందున చీరకు లోపము లేదు, భాషకును లోపము లేదు. అయితే అరువునకు నొక మితి గలదు. ఆ మితి తప్పినచో నేమగునో చెప్పుటకు బలూచీ సీమకే మరల పోవలయును.

అచ్చట కలాత్ ప్రాంతమున బలూచీ ప్రక్కనే బ్రాహుయీ యను భాష యొకటి గలదు. పలుకువారు ఇరువది లక్షలకు పైగా నున్నారు. వారి కన్ను "ఖన్". వారి రాయి "ఖల్", కన్నడిగుల కల్లు. వారి పాలు "పాల్". కన్నడము విడిచిన పకారము అంత దూరమున నిలిచియున్నది! అది మన కుటుంబపు భాషయే. అది అనాదిగా అచ్చటనే యున్నదని కొందరును, ఇటీవలి వేయేండ్లలో వలసపోయినదని కొందరును చెప్పుదురు. ఎట్లైనను, చుట్టును బలూచీ వినుచు బ్రాహుయీలలో పెక్కుమంది రెండు భాషలును నేర్చిరి. ఫలిత మేమి? ఒకటికి "అసిట్", రెంటికి "ఇరట్", మూటికి "ముసిట్" అని స్వంత మాటలు వారికి గలవు. నాలుగు మొదలుకొని అంకెలన్నియు అరువే! మూడు మేకలవరకు తాతల భాష. నాలుగవ మేకనుండి పొరుగువారి భాష. ఒక్క దినమున ఎవరును వారి అంకెలను దోచుకొని పోలేదు. సంతలో ఒక తరము, ఇంటిలో మరియొక తరము వాడుట మానగా పోయినవి.

భాషను నిలుపున దేది? రాజ్యమా? జోంఖాకు రాజ్యమున్నది, అయినను చిరకాలము అచ్చట వ్రాతయంతయు "ఛోకే", అనగా ధర్మభాష యనబడు ప్రాచీనభాషలోనే జరిగినది. ఇంటి పలుకు పుస్తకమున కెక్కుటకు 20వ శతాబ్దము రావలసివచ్చినది. గ్రంథమా? బలూచీని వారు 19వ శతాబ్దమువరకు వ్రాసినది మిక్కిలి తక్కువ. వ్రాతకు పారసీకమును వాడిరి. అయినను మీర్ చాకర్ రిందు వీరగాథలును, హానీ షేహ్ మురీదుల ప్రేమకథయు గాయకుల నోటనే శతాబ్దములు నిలిచినవి. రాజ్యమును గ్రంథమును సాయపడును. కాని మొదటి యాధారము తాత నోరును మనుమని చెవియును.

మన సీమ రెండు నోళ్ల సీమ. 1565లో తళ్లికోట యుద్ధము తరువాత పెనుకొండకు తరలివచ్చిన విజయనగర ప్రభువుల కొలువున రెండు భాషలును చెల్లినవి. ఆముక్తమాల్యదలో తెలుగు వల్లభుడైన స్వామి, కృష్ణరాయని కన్నడరాయ డనియే పిలిచెను. ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) తెలుగు నాటకములను వ్రాసి యాడించినది బళ్లారిలో. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ (1880–1946) రెండు భాషలలోను నటించెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకా లిటును, బళ్లారి యటును పోయినవి. పరిపాలనకు గీత గీయక తప్పదు. కాని గీతకు ఈవల మడకశిర, రొళ్ల, అగళి పల్లెలలో కన్నడము నిలిచినది. ఆవల పావగడ, బాగేపల్లి పల్లెలలో తెలుగు నిలిచినది. పటమున గీసిన గీత నాలుక మీద పడలేదు.

పెద్దలారా, మీతో నాకొక మనవి గలదు. మీలో పలువురు రెండు భాషలును ఎరుగుదురు. తూమును తూబు అనియు, మరువను కోడి యనియు, ఎద్దును ఎత్తు అనియు తటాలున మార్చి చెప్పగలరు. మీ మనుమలకు ఆ శక్తి సన్నగిల్లుచున్నది. చెరువునకును, సేద్యమునకును, మగ్గమునకును సంబంధించిన మాటలను ఒక పుస్తకమున రెండు వరుసలుగా వ్రాసియుంచుడు. ఒకవైపు మన మాట, ఒకవైపు వారి మాట. వ్రాయుచుండగా నేడు నేను చెప్పిన న్యాయములు మీకే కనబడును. నేను చెప్పనివియు కనబడును. బడిపిల్లవాడు హాలు అన్నను పాలు అన్నను, వానిని ఎగతాళి చేయనీయకుడు. వాని నోట వేయేండ్ల న్యాయమొకటి పలుకుచున్నదని చెప్పుడు. సిగ్గుపడిన బిడ్డ మొదట నోరు మూయును, పిదప మరచును, వాని బిడ్డ కా మాట యుండెనని కూడ తెలియదు. మూడు దాటి లెక్కింపలేని స్థితి ఏ భాషకైనను అట్లే వచ్చును.

ఇప్పుడు నన్నెవరైన తెల్లవారుజామున లేపి "కెరె కోడి బిత్తు" అన్నచో నేను కోడికొరకు వెదకను. చెరువు నిండినదని సంతోషించి, గట్టు చూచుటకు ఆయనతో కలిసి పోయెదను.